తోట రైతు దేన్ని చూసి నమ్ముతాడు?

నారింజ మొక్క నాటిన రైతు మంచి కాపు కోసం నాలుగైదేళ్లు ఎదురుచూస్తాడు. చెట్టు చస్తే ఒక పంట కాదు, ఏళ్ల శ్రమ పోతుంది. అందుకే కొత్త పద్ధతి అంటే జంకుతాడు. అలాంటి రైతు మందులు తగ్గించి ప్రకృతి సాయం తీసుకోవాలంటే ఏం జరగాలి? కాలిఫోర్నియా నారింజ తోటల చరిత్రలో దీనికి మంచి జవాబు ఉంది.

1868 ప్రాంతంలో ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన తుమ్మ జాతి మొక్కలతోపాటు ఒక పొలుసు పురుగు కాలిఫోర్నియా చేరింది. దాని పేరు ఐసీరియా పర్చేసి. ఆడ పురుగు వెనుక దూదిపింజలాంటి తెల్లని గుడ్ల సంచి ఉంటుంది. ఇది కొమ్మల్లోని రసాన్ని పీల్చేస్తుంది. 1880లలో లాస్ ఏంజెలిస్ చుట్టుపక్కల తోటలు తెల్లబడి ఎండిపోసాగాయి. రైతులు కిరోసిన్, సబ్బు కలిపిన నీళ్లు చల్లారు. చెట్లకు గుడారం కప్పి సైనైడ్ వాయువు పట్టించారు. ఖర్చు పెరిగింది కాని పురుగు పోలేదు. కొందరు చెట్లనే నరికి కాల్చేశారు.

ఈ పురుగు సొంత దేశంలో ఇంత నష్టం చేయడం లేదు. అంటే అక్కడ దాన్ని అదుపుచేసే శత్రువు ఏదో ఉండాలి. అమెరికా ప్రభుత్వ కీటక శాస్త్రవేత్త సి.వి. రైలీ ఆలోచన ఇది. 1888లో ఆల్బర్ట్ కోబెల్ ఆస్ట్రేలియా వెళ్లి, ఈ పొలుసు పురుగునే తిని బతికే ఎర్రని అక్షింతల పురుగును గుర్తించాడు. దీన్ని ఇప్పుడు రొడోలియా కార్డినాలిస్ అంటున్నాం. మొదటి విడతల్లో చేరినవి 129 మాత్రమే. వాటిని లాస్ ఏంజెలిస్‌లో వోల్ఫ్‌స్కిల్ తోటలో, గుడ్డ కప్పిన ఒక నారింజ చెట్టు మీద వదిలారు. 1889 ఏప్రిల్ నాటికి ఆ చెట్టు దాదాపు శుభ్రపడింది. గుడ్డ తొలగించగానే పురుగులు పక్క చెట్లకు పాకాయి.

ఇక ప్రచారం అవసరం లేకపోయింది. జూన్ మధ్యకల్లా పదివేలకు పైగా పురుగులు రెండు వందల మందికి పైగా రైతులకు చేరాయి. ఏడాది తిరగకముందే తోటలు కోలుకున్నాయి. రైతును కదిలించినవి మూడు: పాత మందు పనిచేయకపోవడం, కొత్త పద్ధతికి పెద్ద ఖర్చు లేకపోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా, పొరుగు తోటలో ఫలితం కళ్లారా చూడటం. 1922లో ఫిల్‌మోర్ ప్రాంత రైతులు తామే ఒక సంఘంగా ఏర్పడ్డారు. మేలుచేసే కీటకాలను సొంతంగా పెంచుకున్నారు.

అయితే నమ్మకం కలకాలం నిలవలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డి.డి.టి. వచ్చింది. ఇతర పురుగుల కోసం దాన్ని చల్లితే అక్షింతల పురుగులు చచ్చిపోయాయి, పొలుసు పురుగు మిగిలింది. 1946-47లో సాన్ వాకీన్ లోయలో పాత తెగులు మళ్లీ విరుచుకుపడింది. కంటికి కనిపించకుండా పనిచేస్తున్న మిత్రుడి విలువ, ఆ మిత్రుడు పోయాకే రైతులకు తెలిసింది. చల్లకం తగ్గించి, పురుగులను మళ్లీ తెచ్చి వదిలాక తోటలు కుదుటపడ్డాయి. రసాయనాలనూ మేలుచేసే కీటకాలనూ పొందికగా వాడుకోవాలన్న సమగ్ర నియంత్రణ భావనను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1959లో స్పష్టంగా వివరించారు.

ఇదే అక్షింతల పురుగును మన నీలగిరి కొండలకూ 1930 ప్రాంతంలో తెప్పించారు. రైతుకు హితబోధ కన్నా ఎదుట కనిపించే పచ్చని చెట్టు ఎక్కువ చెబుతుంది. అయితే ఆ చెట్టు ఎందుకు పచ్చగా ఉందో కూడా తెలియాలి. అది తెలియకపోతే, దాన్ని కాపాడిన పురుగునే మన చేత్తో చంపుకుంటాం.