క్యాన్సర్ పరిశోధనకు కాలినడక చందాలు

ఇంత దూరం నడుస్తానని ముందే మాటిచ్చి, ఆ మాట మీద బంధుమిత్రుల దగ్గర చందాలు పోగుచేసే పద్ధతి ఇవాళ క్యాన్సర్ పరిశోధనకు పెద్ద అండ. దీనికి ఊపు తెచ్చినవాడు కెనడా కుర్రాడు టెర్రీ ఫాక్స్. 1977లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఎముక క్యాన్సర్ సోకి అతని కుడికాలిని మోకాలి పైనుంచి తీసేశారు. బతికే అవకాశం సగానికి సగం అన్నారు డాక్టర్లు. రెండేళ్ల ముందైతే అది నూటికి పదిహేను పాళ్లేనట. ఆ తేడా పరిశోధన పుణ్యమేనని అతనికి బోధపడింది.

ఆ పరిశోధనకు చందాలు పోగుచేయాలని 1980 ఏప్రిల్ 12న సెయింట్ జాన్స్ తీరంలో కృత్రిమ కాలిని అట్లాంటిక్ నీళ్లలో తడిపి పరుగు మొదలుపెట్టాడు. రోజుకు ఇంచుమించు 42 కిలోమీటర్లు పరుగెత్తేవాడు. దేశంలో తలకొక డాలరు ఇవ్వమన్నదే అతని కోరిక. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు దాటాక, థండర్ బే దగ్గర ఆగక తప్పలేదు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. మరుసటి ఫిబ్రవరికి చందాలు 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటాయి. 1981 జూన్ 28న, ఇరవై మూడేళ్లు నిండకుండానే కన్నుమూశాడు.

అతను పరుగెత్తినా, ఆ సెప్టెంబరు నుంచి అతని పేరిట ఏటా జరుగుతున్నది పందెం కాదు. నడవొచ్చు, చక్రాల కుర్చీలోనూ రావొచ్చు. అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం. ముసలీ ముతకా కూడా పాల్గొనే వీలు దాంతోనే కలిగింది. 1985లో అమెరికాలోని టకోమాలో డాక్టర్ గోర్డన్ క్లాట్ ఒక మైదానం చుట్టూ 24 గంటలు తిరిగి 27,000 డాలర్లు తెచ్చాడు. ‘రిలే ఫర్ లైఫ్’ అలా పుట్టింది. 1994లో లండన్ బాటర్సీ పార్కులో ఆడవాళ్ల కోసం ‘రేస్ ఫర్ లైఫ్’ మొదలైంది.

మనకు దగ్గరి కథ మాత్రం బోస్టన్‌ది. అక్కడి డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1947 చివర్లో లుకేమియా అనే రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చి చూశాడు. కొందరిలో జబ్బు కొంతకాలమైనా వెనక్కి తగ్గింది. అంతకుముందు ఆ పిల్లలకు చెప్పుకోదగ్గ మందే లేదు. ఆ మందును తయారుచేసింది లెడర్లీ ప్రయోగశాలలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. 1948లో ఫార్బర్ పరిశోధనకు అండగా ‘జిమ్మీ ఫండ్’ వెలిసింది. ఆ నిధి కోసం 1989 నుంచి ఏటా బోస్టన్ మారథాన్ దారిలో జనం నడుస్తున్నారు. ఓపిక ఉన్నవాళ్లు 42 కిలోమీటర్లూ, లేనివాళ్లు ఐదో పదో.

మన నగరాల్లో గులాబీ టీషర్టుల నడకలు ఎక్కువగా అవగాహన కోసమే సాగుతాయి. అదీ కావలసిందే. జబ్బును తొందరగా గుర్తిస్తే ప్రాణాలు దక్కుతాయి. కానీ కొత్త మందు పుట్టాలంటే ప్రయోగశాలకు డబ్బు చేరాలి. ఈసారి నడకకు పేరిచ్చేటప్పుడు, మీ రుసుములో పరిశోధనకు ఎంత వెళుతుందో నిర్వాహకులను తప్పక అడగండి.