నీటికీ కరెంటుకూ ముడి.. పరిశోధనలతోనే దారి

విశాఖపట్నం: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటింది. విద్యుత్ స్తంభాలు నేలకూలి నగరం చీకటిలో మునిగింది. జలాశయాలలో నీరు ఉన్నది. భూమిలో గొట్టాలూ ఉన్నాయి. పంపులు తిరగడానికి కరెంటు మాత్రం లేదు. ప్రజలు బిందెలు పట్టుకొని ట్యాంకర్ల కోసం ఎదురుచూడవలసి వచ్చింది. మంచినీటి సరఫరా సగం నీటి వ్యవహారమైతే, మిగతా సగం విద్యుత్ వ్యవహారమని నగరానికి ఆనాడు అనుభవంలోకి వచ్చింది. విపత్తులను తట్టుకొనేలా, విద్యుత్ లభ్యతను బట్టి పంపింగ్ వేళలను మార్చుకొనేలా నీటి వ్యవస్థలను తీర్చిదిద్దడానికి నగర పాలక సంస్థలు, విశ్వవిద్యాలయాలు, విద్యుత్ సంస్థలు కలిసి పరిశోధనలు చేయవలసిన అవసరాన్ని ఇటువంటి అనుభవాలే ముందుకు తెచ్చాయి.

ఎక్కడెక్కడి నీరో..

విశాఖ దాహం తీర్చే నీరు ఒక్క చోటి నుంచి రాదు. మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ, గంభీరం జలాశయాలు నగర పరిసరాలలోనే ఉన్నాయి. శారదా నదిపై రైవాడ, గోస్తనీ నదిపై తాటిపూడి జలాశయాలు దూరాన ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో రైవాడ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. తాటిపూడి విజయనగరం జిల్లాలోనిది. ఏలేరు నీరు 153 కిలోమీటర్ల కాలువ వెంట వస్తుంది. నగరం కొండల నడుమ విస్తరించినందున ఎత్తైన కాలనీలకు నీటిని పంపులతో ఎక్కించక తప్పదు.

యూనిట్ల లెక్క ఇదీ

పది లక్షల లీటర్ల నీటిని వంద మీటర్ల ఎత్తుకు చేర్చడానికి భౌతికశాస్త్ర నియమం ప్రకారం కనీసం 272 యూనిట్ల విద్యుత్తు కావాలి. పంపు, మోటారు కలిసి 65 శాతం సామర్థ్యంతో పనిచేస్తే ఇది సుమారు 420 యూనిట్లవుతుంది. అరిగిపోయిన పంపు సామర్థ్యం 50 శాతానికి పడిపోతే 545 యూనిట్లు ఖర్చవుతుంది. అదే నీరు, అదే ఎత్తు. తేడా 125 యూనిట్లు. దారిలో కారిపోయే నీటికి కూడా ఈ కరెంటు ఖర్చయినట్లే లెక్క. అందువల్ల లీకేజీని అరికట్టడం విద్యుత్ పొదుపు కూడా అవుతుంది.

ట్యాంకే బ్యాటరీ

విద్యుత్తును నిల్వ చేయడం ఖరీదైన పని. నీటిని నిల్వ చేయడం తేలిక. ఎండ బాగా ఉన్న వేళ సౌర విద్యుత్తుతో ట్యాంకులు నింపుకొని, సాయంత్రం గిరాకీ పెరిగే వేళ పంపులను ఆపగలిగితే ట్యాంకు బ్యాటరీలా ఉపయోగపడుతుంది. కేంద్రం 2023లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు వేళను బట్టి ఛార్జీలు ఉండాలని నిర్దేశించాయి. సౌర విద్యుత్తు లభించే వేళల్లో ధర సాధారణ ధర కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలన్నది వాటి సారాంశం. రేట్లను ఖరారు చేసేది మాత్రం రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్లే.

విశాఖలో ముడసర్లోవ జలాశయంపై 2 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం 2018లో ఏర్పాటైంది. ఆ తరువాత మేఘాద్రిగెడ్డపై 3 మెగావాట్ల కేంద్రం వచ్చింది. హుద్‌హుద్ అనంతరం ప్రపంచ బ్యాంకు రుణ సాయంతో చేపట్టిన పునర్నిర్మాణ పథకంలో నగరంలోని విద్యుత్ తీగలను భూగర్భంలోకి మార్చే పనులూ ఉన్నాయి. ఇవన్నీ నీటి సరఫరాకు ఆసరా కాగలవు. అయితే ఏ పంపు ఏ వేళ ఆగవచ్చో, ఏది ఎట్టి పరిస్థితిలోనూ ఆగరాదో తేల్చడానికి అధ్యయనం అవసరం.

ఎవరి వంతు ఏమిటి?

పంపుహౌస్ లాగ్‌బుక్కులు, వాల్వుల పటాలు, కరెంటు బిల్లులు పాలక సంస్థ వద్ద ఉంటాయి. ఏ గంటలో ఎంత లోడు పడుతున్నదో విద్యుత్ పంపిణీ సంస్థకు తెలుసు. ఈ రెంటినీ కలిపి కంప్యూటరుపై నమూనా నిర్మించే నైపుణ్యం విశ్వవిద్యాలయాలది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1993లో విడుదల చేసిన ఎపానెట్ సాఫ్ట్‌వేర్ ఇందుకు ఉచితంగా లభిస్తున్నది. గొట్టాలలో పీడనం, ట్యాంకులలో మట్టం, క్లోరిన్ శాతం గంట గంటకూ ఎలా మారుతాయో అది లెక్కకడుతుంది.

బ్రెజిల్‌లోని ఫోర్టలేజా నగర నీటి సంస్థ, అలయన్స్ టు సేవ్ ఎనర్జీ అనే స్వచ్ఛంద సంస్థతో చేయి కలిపి 2001 తరువాత నాలుగేళ్లలో 8.8 కోట్ల యూనిట్లు ఆదా చేసింది. ఆ కాలంలోనే 88 వేల ఇళ్లకు కొత్తగా కుళాయిలు ఇచ్చింది. కావేరీ నీటిని సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి మూడు దశలలో ఎత్తిపోసుకుంటున్న బెంగళూరులో, ఆ నీటిని అన్ని ప్రాంతాలకూ సమానంగా పంచడంపై భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు పనిచేశారు.

చివరి ఇంటి మాటేమిటి?

పంపింగ్ వేళలు మార్చడంలో చిక్కూ ఉన్నది. మన నగరాలలో చాలాచోట్ల కుళాయి రోజంతా రాదు. పంపు నడిచే వేళే నీరు వచ్చే వేళ అయినచోట, పంపింగ్ మధ్యాహ్నానికి మారితే కూలికి వెళ్లిన కుటుంబానికి బిందె నీరు దక్కదు. సంపు, మోటారు ఉన్న ఇంటికి మాత్రం ఇబ్బంది ఉండదు. పంపులను తరచూ ఆపి నడిపితే పీడనం ఒడుదొడుకులకు లోనై పాత గొట్టాలు పగిలే ప్రమాదం ఉంది. పీడనం పడిపోయినచోట మురుగు లోనికి చేరవచ్చు. నీరు ఎక్కువసేపు ట్యాంకులో నిలిస్తే క్లోరిన్ తగ్గుతుంది.

కనుక పంపింగ్ వేళ మారినా పంపిణీ వేళ మారకుండా ఉండాలంటే ముందుగా ఎత్తైన ట్యాంకుల నిల్వ సామర్థ్యం పెరగాలి. కొండవాలు కాలనీలలోని చివరి కుళాయి వద్ద పీడనం, క్లోరిన్ కొలిచి, ఆ వివరాలను పరిశోధకులకే గాక వార్డు ప్రజలకూ అందుబాటులో ఉంచాలి. మరో తుపాను వచ్చేలోగా ఏ పంపుహౌస్‌కు జనరేటరు ఉన్నదో, ఏ ట్యాంకు ఎన్ని గంటలు ఆదుకోగలదో లెక్క తేల్చి ఉంచడం ఇటువంటి భాగస్వామ్యాలు చేయవలసిన మొదటి పని.