పెరటి తోటల రక్షణ (కృష్ణా డెల్టా)

పెరటి తోటల రక్షణ అనగా ఎలుకలు, పందికొక్కులు, ఉడుతలు, కుందేళ్ళు మొదలైన చిన్న జంతువులు కూరగాయల మడులను పాడుచేయకుండా తీసుకొనే జాగ్రత్తలు. ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రము, కృష్ణా జిల్లాలోని కృత్తివెన్ను, మచిలీపట్నం, దివిసీమ ప్రాంతములలో ఈ నష్టము ఎక్కువగా కలుగులలో నివసించే జంతువుల వలన కలుగుతుంది. అందువలన ఇక్కడ కంచెతో పాటు గట్లను కూడా కనిపెట్టి ఉండవలెను.

నష్టము కలిగే కాలము

కృత్తివెన్ను బంగాళాఖాతము తీరమున ఉన్న మండలము. వరి చేలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు, కాలువలు ఇక్కడ విస్తారముగా ఉన్నాయి. భారీ వర్షములకు పల్లపు భూములు మునిగినపుడు ఎలుకలు మెరకగా ఉండే గట్లకు, ఇళ్ళ దొడ్లకు చేరుతాయి. సార్వా వరి కోతలు పూర్తయిన తరువాత గింజ కొరకు గడ్డివాముల క్రిందకు, అక్కడి నుండి కూరగాయల మడులకు వస్తాయి. ఈ రెండు సమయములలోను ప్రత్యేక శ్రద్ధ అవసరము.

జంతువులు

* పందికొక్కు: చిన్న పందికొక్కు (బాండికోటా బెంగాలెన్సిస్) గట్లలో కలుగులు త్రవ్వి, వరి వెన్నులను లోపల దాచుకుంటుంది. కలుగు ముందు తాజా మట్టి కుప్ప కనిపిస్తుంది. కంద, చిలగడదుంప వంటి దుంపలను నేల అడుగున కొరుకుతుంది. దీని కలుగుల వలన గట్లకు గండ్లు కూడా పడతాయి.
* ఉడుత: పాదుల పైకి ఎక్కి కాయలను కొరుకుతుంది, నాటిన విత్తనములను తవ్వి తింటుంది.
* కుందేలు: దీనికి చెవులపిల్లి అని కూడా పేరు. మన దేశపు అడవి కుందేలు (లెపస్ నైగ్రికోలిస్) బొరియలు త్రవ్వదు, పొదలలో దాగి ఉంటుంది. లేత మొలకలను, ఆకుకూరలను మేస్తుంది.

జెర్రిపోతు, ముంగిస, గుడ్లగూబ ఎలుకలను తింటాయి కనుక ఇవి తోటకు మేలు చేసే జీవులు.

కంచె

కుందేళ్ళను ఆపుటకు మూడు అడుగుల ఎత్తున కోళ్ళ జాలి సరిపోతుంది. జాలి అడుగు అంచును భూమిలో పూడ్చి, బయటి వైపునకు వంచవలెను. ఎలుకలకైతే అర అంగుళము కంటే చిన్న కన్నులు గల ఇనుప జాలి కావలెను. ఎలుక ముందు పళ్ళు జీవితాంతము పెరుగుతూనే ఉంటాయి. అది ప్లాస్టిక్ జాలిని, నైలాను వలను, వెదురు తడికను సులభముగా కొరుకుతుంది. రొయ్యల చెరువుల చుట్టూ పీతలు రాకుండా కట్టే వల ఈ ప్రాంతములో సుపరిచితమే. కానీ పీతను ఆపే వల పందికొక్కును ఆపలేదు. పైగా పాత చేపల వలలను కంచెగా కడితే వాటిలో జెర్రిపోతులు చిక్కుకొని చనిపోతాయి.

జంతువు లోపలికి వచ్చిన తరువాత వేసిన కంచె వలన ప్రయోజనము లేదు. ఆస్ట్రేలియాలో 1901 - 1907 మధ్య 3,256 కిలోమీటర్ల పొడవున కుందేళ్ళ నిరోధక కంచెలు నిర్మించారు. అయితే నిర్మాణము పూర్తి కాకముందే కుందేళ్ళు ఆవలికి దాటిపోయాయి.

కలుగుల నివారణ

ముందుగా కలుగులన్నిటినీ సాయంత్రము మట్టితో మూయవలెను. మరునాటి ఉదయము తెరచుకొని ఉన్నవాటిలో మాత్రమే ఎలుకలు ఉన్నట్లు గుర్తించవచ్చును. ఆ కలుగులలోనికి గడ్డి పొగను పట్టిస్తారు. కోస్తా జిల్లాలలో యానాదులు కుండలో గడ్డి కాల్చి, కలుగులోనికి పొగ ఊది ఎలుకలను పట్టడములో నేర్పరులు. బుట్టలు, బోనులు పెట్టుట మరొక పద్ధతి. గట్లను సన్నగా, కలుపు లేకుండా ఉంచితే కలుగులు తగ్గుతాయి.

విషపు ఎరలను పెరటిలో చివరి మార్గముగానే వాడవలెను. బ్రోమాడియోలోన్ రక్తము గడ్డకట్టకుండా చేసి ఎలుకను కొన్ని రోజులలో చంపుతుంది. ఆ ఎలుకను తిన్న గుడ్లగూబ, పిల్లి కూడా చనిపోవచ్చును. ఎరను కలుగు లోపల మాత్రమే ఉంచి, పిల్లలకు, కోళ్ళకు అందకుండా మూయవలెను. చనిపోయిన ఎలుకలను పూడ్చిపెట్టవలెను.

ఒక్క ఇంటివారే నివారణ చేపడితే ప్రక్క గట్ల నుండి ఎలుకలు మరల వస్తాయి. అందువలన ఊరంతా ఒకేసారి చేయు సామూహిక నివారణ ఉత్తమము. పశ్చిమ గోదావరి జిల్లాలోని మారుటేరు వ్యవసాయ పరిశోధనా స్థానములో ఎలుకల నియంత్రణపై పరిశోధనలు జరిగాయి.

జాగ్రత్తలు, చట్టము

తోట చుట్టూ తీగ కట్టి ఇంటి కరెంటును నేరుగా పంపుట చట్టవిరుద్ధము. ఇటువంటి తీగలు తగిలి మనుషులు, పశువులు ప్రాణములు కోల్పోయిన సంఘటనలు రాష్ట్రములో జరిగాయి.

ఎలుకల మూత్రము కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ వ్యాధి సోకుతుంది. కాళ్ళకు పుండ్లు ఉన్నవారు తడి మడులలో చెప్పులు లేకుండా దిగరాదు. బురదలో పనిచేసిన తరువాత జ్వరము వస్తే ఆ సంగతిని వైద్యునికి తెలుపవలెను.

వన్యప్రాణి సంరక్షణ చట్టము (1972) ప్రకారము కుందేలు, ముంగిస రక్షిత జంతువులు. వాటిని పట్టుట, చంపుట నేరము. కనుక కుందేలు విషయములో కంచె వేయుటయే తగిన మార్గము.

ఇవి కూడా చూడండి

* ఎలుక
* పందికొక్కు
* కుందేలు
* కృత్తివెన్ను మండలము