ఖరగ్‌పూర్ రైల్వేలో పరికరాల భద్రత, నెట్‌వర్కు అమరికల నిర్వహణ: చరిత్ర

పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపుర్ జిల్లాలో ఉన్న ఖరగ్‌పూర్, ఆగ్నేయ రైల్వేలో ఒక డివిజన్‌కు కేంద్రం. స్టేషను, వర్క్‌షాపు, డివిజన్ కార్యాలయం, షెడ్లు, ఆసుపత్రి, క్వార్టర్లు అన్నీ ఒకే సంస్థవి కావడంతో వేర్వేరు కాలాల్లో వేర్వేరు తయారీదారులు చేసిన పరికరాలు ఇక్కడ పక్కపక్కనే పనిచేస్తూ వచ్చాయి. తంతి యంత్రం ఉండగానే టెలిఫోను వచ్చింది, టెలిఫోను ఉండగానే కంప్యూటరు వచ్చింది. రిలేల గది పక్కనే ఆప్టికల్ ఫైబర్ పెట్టె వెలిసింది. ఏ పరికరం ఎవరి చేతిలో ఉండాలి, ఏ తీగ ఎక్కడికి పోవాలి, అమరిక మార్చే ముందు ఎవరికి చెప్పాలి, మార్చాక ఎవరు సరిచూడాలి అనే నియమాలు ఈ ఊరికి కంప్యూటర్లకంటే చాలా ముందే అలవాటయ్యాయి.

తంతి, టోకెను, మెమో

భారతదేశంలో తొలి తంతి లైను 1851లో కలకత్తా, డైమండ్ హార్బర్ మధ్య పడింది. ఆ తరువాత అది మేదినీపుర్ తీరంలోని ఖెజురీ దాకా సాగింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్‌ఆర్) ఆ శతాబ్దం చివరికి ఖరగ్‌పూర్ చేరింది. ఇక్కడి వర్క్‌షాపు 1904 నాటిది. గంజాం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారు పెద్ద సంఖ్యలో వచ్చి ఈ రైల్వేలో చేరి ఇక్కడే స్థిరపడ్డారు. 

సింగిల్ లైనుపై రెండు రైళ్లు ఎదురుపడకుండా భారతీయ రైల్వేలు నీల్ టోకెన్ యంత్రాన్ని వాడాయి. రెండు స్టేషన్లలోని యంత్రాలు తీగతో ముడిపడి ఉంటాయి. ఒక టోకెను బయటికి వస్తే, అది తిరిగి యంత్రంలో పడేదాకా రెండు చోట్లా మరొకటి రాదు. టోకెను చేతికి అందని డ్రైవరుకు ఆ సెక్షన్‌లోకి వెళ్లే అధికారం లేదు. వచ్చినవాడి గుర్తింపు చూసి, అనుమతి ఇచ్చి, ఆ అనుమతిని మరొకరు వాడకుండా ఆపే ఈ ఏర్పాటు నేటి నెట్‌వర్కు భద్రతలోని మూలసూత్రమే.

యంత్రం పాడైనప్పటి నియమం ఇంకా విలువైనది. సిగ్నల్ మెయింటెయినరు పాయింటునో, సిగ్నల్‌నో, బ్లాక్ ఇన్‌స్ట్రుమెంటునో విప్పాలంటే ముందుగా టీ-351 ఫారంపై డిస్‌కనెక్షన్ మెమో ఇవ్వాలి. స్టేషన్ మాస్టరు సంతకం చేశాకే దానిపై చెయ్యి వేయాలి. పని అయ్యాక పరీక్షించి రీకనెక్షన్ మెమో ఇస్తేనే ఆ పరికరం తిరిగి వాడుకలోకి వస్తుంది. మార్పుకు ముందు అనుమతి, మార్పు తరువాత పరీక్ష, రెండింటికీ కాగితంపై సాక్ష్యం. కంప్యూటర్ రంగం మార్పుల నిర్వహణ పేరుతో తరువాత కట్టుకున్న క్రమానికి రైల్వేలో ఇంత చక్కని రూపం ముందే ఉంది.

1944లో బీఎన్‌ఆర్ ప్రభుత్వపరమై, 1952లో తూర్పు రైల్వేలో కలిసి, 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వేగా విడివడింది. ఆ దశాబ్దాల్లో కంట్రోల్ ఫోన్లు, టెలిప్రింటర్లు, పాయింట్లు, సిగ్నళ్లు ఒకదానికొకటి విరుద్ధంగా మారకుండా ఆపే రిలే ఇంటర్‌లాకింగ్ వచ్చాయి.

కంప్యూటర్లు

సిగ్నల్, టెలికం ఇంజినీర్ల శిక్షణకు భారతీయ రైల్వేల సంస్థ ‘ఇరిసెట్’ 1957 నవంబరు 24న సికింద్రాబాద్‌లో ఏర్పడింది. రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం ‘క్రిస్’ 1986లో వచ్చింది. అంతకు ముందు ఏడాదే ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. మొదటి కాలపు రిజర్వేషన్ టెర్మినళ్లకు సొంత తెలివి ఉండేది కాదు. అన్ని అమరికలూ నడిమి యంత్రంలోనే ఉండేవి కనుక గుమాస్తా చెరిపేందుకు ఏమీ ఉండేది కాదు. క్రిస్ తయారుచేసిన ‘కన్సర్ట్’ 1994లో మొదట సికింద్రాబాద్‌లో అమలైంది. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఒక జాలంగా కలిశాయి.

ఖరగ్‌పూర్‌లో రైలు పట్టాలకు అవతలి వైపున, పూర్వపు హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1951లో మొదలైన ఐఐటీ ఈ చరిత్రకు రెండో పాయ. దేశంలో ఇంటర్నెట్‌కు పునాది వేసిన ‘ఎర్నెట్’ 1986లో ప్రారంభమైనప్పుడు అందులో పాల్గొన్న ఐదు ఐఐటీలలో ఇది ఒకటి. విద్యాసంస్థలో ప్రతి విద్యార్థీ తన యంత్రం తాను తెచ్చుకుంటాడు. సొంతం కాని యంత్రాన్ని తన జాలంలోకి రానివ్వక తప్పని పరిస్థితి ఇలాంటి చోట మొదట ఎదురైంది. అదే పరిస్థితి రైల్వేకు చాలా తరువాత, సెల్‌ఫోన్ల ద్వారా వచ్చింది.

రైల్వే పట్టాల వెంట ఫైబర్ వేసే పని కోసం 2000 సెప్టెంబరులో రైల్‌టెల్ ఏర్పడింది. అంతర్గత జాలం రైల్‌నెట్ కార్యాలయాల్లోకి వచ్చింది. సరుకు రవాణాకు, అన్‌రిజర్వుడు టికెట్లకు, డ్రైవర్లు, గార్డుల డ్యూటీలకు వేర్వేరు వ్యవస్థలు వచ్చాయి. టెర్మినల్ స్థానంలో పర్సనల్ కంప్యూటరు చేరడంతో నడిమి యంత్రంలో ఉన్న అమరికలు వందల బల్లల మీదికి చెదిరాయి. ఒక్కో యంత్రంలో ఒక్కో పాస్‌వర్డు, ఒక్కో నెట్‌వర్కు చిరునామా, ఒక్కో యాంటీవైరస్. దేశంలోని చాలా పెద్ద కార్యాలయాలు ఈ దశ దాటినవే.

ఈ చెదిరిన అమరికలను తిరిగి ఒక చోటికి చేర్చే సాధనాలు బయటి ప్రపంచంలో అంచెలంచెలుగా తయారయ్యాయి. 1988లో వచ్చిన ఎస్‌ఎన్‌ఎంపీ ప్రొటోకాల్ వల్ల వేర్వేరు కంపెనీల రౌటర్లను ఒకే తెర నుంచి గమనించడం సాధ్యమైంది. 2000లో మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీతో విండోస్ యంత్రాలన్నిటికీ ఒకే నియమావళి పంపే వీలు కలిగింది. 2001 నాటి 802.1ఎక్స్ ప్రమాణం ప్రకారం గోడకున్న నెట్‌వర్కు పాయింటు కూడా ముందు గుర్తింపు అడిగి తరువాతే దారి ఇస్తుంది. 1999లో బ్లాక్‌బెర్రీ సర్వరు, 2010లో ఐఫోన్ దూర నిర్వహణ, 2015లో ఆండ్రాయిడ్ పని ప్రొఫైలు వచ్చాక ఫోన్లూ ఈ పట్టులోకి వచ్చాయి. చెన్నై కేంద్రంగా ఎదిగిన జోహో సంస్థ మేనేజ్‌ఇంజిన్ పేరుతో ఇదే పనికి చేసిన సాఫ్ట్‌వేర్ ప్రపంచమంతటా అమ్ముడుపోతుండటం మెచ్చదగిన సంగతి.

2017

ఈ చరిత్రలో 2017 కీలక సంవత్సరం. ఆ ఏడాది మార్చి 14న విండోస్‌లోని ఫైళ్లు పంచుకునే భాగంలో ఒక లోపాన్ని సరిచేస్తూ మైక్రోసాఫ్ట్ ప్యాచ్ విడుదల చేసింది. మే 12న ‘వన్నాక్రై’ వైరస్ సరిగ్గా ఆ లోపం గుండానే ప్రపంచమంతటా పాకి, ఫైళ్లకు తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగింది. రెండు నెలల వ్యవధి దొరికినా ప్యాచ్ వేయని యంత్రాలు దానికి చిక్కాయి. పశ్చిమ మేదినీపుర్ జిల్లాలో రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయాల కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. దక్షిణ రైల్వే పాలక్కాడ్ డివిజన్ కార్యాలయంలోనూ, ఆంధ్రప్రదేశ్ పోలీసు యంత్రాల్లోనూ అదే జరిగింది. ఏ బల్ల మీద ఏ యంత్రం ఉంది, దానిలో ఏ వెర్షను నడుస్తోంది అనే పట్టిక లేని చోట ప్యాచ్ ఎవరికి వేయాలో తెలియదు. వన్నాక్రై నష్టానికి మూలం వైరస్ గొప్పతనంకన్నా ఈ పట్టికల లోటే.

అదే ఏడాది నవంబరులో ఖరగ్‌పూర్ స్టేషన్‌లో పాత రిలే ఇంటర్‌లాకింగ్ తీసి ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ అమర్చారు. పాత వ్యవస్థ 423 మార్గాలను కట్టగలిగేది, కొత్తది 800 మార్గాలను కట్టగలదు. అప్పట్లో ఆసియాలోనే అతి పెద్దదిగా రైల్వే దీన్ని ప్రకటించింది. సీమెన్స్ అందించిన ఈ వ్యవస్థ కోసం యార్డులో రెండు వారాలపాటు ఇంటర్‌లాకింగ్ లేకుండా రైళ్లు నడపవలసి వచ్చింది. అంత రద్దీ జంక్షన్‌లో, అంత మంది సిబ్బంది చేతి పనితో పాయింట్లు సరిచేస్తూ రైళ్లు దాటించడం గొప్ప శ్రమ.

నిర్వహణ విషయంలో ఈ మార్పు లోతైనది. రిలే గదిలో తర్కం తీగల్లో ఉంటుంది. చూస్తే కనిపిస్తుంది, మీటరు పెడితే తెలుస్తుంది. ఎలక్ట్రానిక్ వ్యవస్థలో ఆ తర్కం సాఫ్ట్‌వేర్‌గా మారింది. అందుకే ఆమోదించిన వెర్షను ఏది, గుర్తించే చెక్‌సమ్ ఎంత, చిప్పులో ఉన్నది అదేనా అని సరిచూడటం సిగ్నల్ ఇంజినీరు పనిలో భాగమైంది. సిగ్నలింగ్ జాలాన్ని కార్యాలయ జాలంతో కలపకుండా విడిగా ఉంచడం కూడా ఈ జాగ్రత్తలో భాగమే. ఈమెయిలుకు వాడే కంప్యూటరు నుంచి పాయింటు మోటారుకు దారి ఉండకూడదు.

జేబులోని ఫోను

2019 జనవరి 1 నుంచి రైల్వే సిబ్బంది తమలో తాము మాట్లాడుకునే సీయూజీ ఫోను సేవ ఎయిర్‌టెల్ నుంచి జియోకు మారింది. చాలామంది ఉద్యోగులకు సిమ్ సంస్థది, ఫోను సొంతం. వాట్సాప్ గుంపులో డ్యూటీ సందేశం, పిల్లల ఫొటో, బ్యాంకు యాప్ ఒకే తెర మీద ఉంటాయి. ఈ-ఆఫీస్, ఉద్యోగుల సేవా వివరాల హెచ్‌ఆర్‌ఎంఎస్ కూడా ఆ ఫోనుకే చేరాయి. టికెట్ తనిఖీ సిబ్బందికి ఇచ్చిన హెచ్‌హెచ్‌టీ ట్యాబ్‌ల సంగతి వేరు. అవి సంస్థవే కనుక ఏ యాప్ ఉండాలో, పోతే ఎలా చెరపాలో సంస్థే నిర్ణయించగలదు. ఉద్యోగి సొంత ఫోనులో అలా చేయకూడదు. పని ప్రొఫైలు పద్ధతిలో కార్యాలయపు యాప్‌లు ఒక విడి అరలో ఉంటాయి. ఆ అరను మాత్రమే సంస్థ చెరపగలదు, కుటుంబ ఫొటోల జోలికి వెళ్లలేదు. ఉద్యోగికి, సంస్థకు ఇద్దరికీ న్యాయమైన ఏర్పాటు ఇది.

2022 ఏప్రిల్ 28న కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబరు ఘటనను 6 గంటల్లో తెలపాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి, యంత్రాల గడియారాలు ఒకే ప్రామాణిక సమయంతో కలవాలి. గడియారాల నియమం రైల్వేవారికి కొత్త కాదు. ప్రమాదం తరువాత డేటా లాగర్‌లోని సమయం, కంట్రోల్ చార్టులోని సమయం కలవకపోతే ఏది ముందు జరిగిందో తేలదు.

బాహనగా తరువాత

2023 జూన్ 2 సాయంత్రం ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బాహనగా బజార్ స్టేషన్‌లో షాలిమార్ నుంచి చెన్నై వెళ్తున్న కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మెయిన్ లైనుకు సిగ్నల్ ఉండగా లూప్ లైనులోకి మళ్లి, ఆగి ఉన్న గూడ్సును ఢీకొట్టింది. బెంగళూరు నుంచి హావ్‌డా వస్తున్న రైలు కూడా ఆ ప్రమాదంలో చిక్కుకుంది. 290 మందికి పైగా చనిపోయారు. ఎవరైనా బయటినుంచి వ్యవస్థలోకి చొరబడ్డారా అన్న అనుమానం మొదట్లో వినిపించింది. రైల్వే భద్రత కమిషనరు విచారణలో తేలింది వేరు. 2018లో గుమ్టీలో, అంటే సిగ్నల్ పరికరాల గదిలో, చేసిన సర్క్యూట్ మార్పు లోపభూయిష్టంగా ఉంది, తీగల మీది గుర్తులు తప్పుగా ఉన్నా ఏళ్లపాటు ఎవరూ పట్టించుకోలేదు. ప్రమాదం రోజున 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటులో విద్యుత్తుతో లేచే అడ్డుగడను మార్చే పని ఆ స్టేషన్‌కు ఆమోదించిన సర్క్యూట్ చిత్రం లేకుండా జరిగింది. 2022 మే 16న ఇదే డివిజన్‌లోని బాంక్రా నయాబాజ్ స్టేషన్‌లో తప్పు తీగల వల్ల ఇలాంటి ఘటన జరిగిందని, అప్పుడే సరిచేసి ఉంటే బాహనగా జరిగేది కాదని నివేదిక పేర్కొంది.

భద్రత అంటే దొంగను బయట ఆపడమే అనుకునేవారు ఈ నివేదికను చదవాలి. గోడ ఎంత గట్టిదైనా, లోపలివారు చేసిన మార్పు కాగితం మీదికి రాకపోతే, కాగితం మీది చిత్రం తీగలతో కలవకపోతే వ్యవస్థ తన గురించి తానే తప్పు చెబుతుంది. రౌటరులో రాసుకోని ఒక నియమానికీ, లొకేషన్ బాక్సులో గుర్తు మారిన ఒక తీగకూ స్వభావం ఒకటే.

ప్రమాదం తరువాత రైల్వే బోర్డు దేశమంతటా తనిఖీకి ఆదేశించింది. సిగ్నల్ పరికరాలున్న గుమ్టీలకు రెండు తాళాల ఏర్పాటు సరిగా ఉందో లేదో, రిలే గదుల తలుపులు తెరిచినప్పుడు, మూసినప్పుడు ఎస్‌ఎంఎస్ వెళ్తోందో లేదో చూడాలని చెప్పింది. డిస్‌కనెక్షన్, రీకనెక్షన్ నియమాలను కచ్చితంగా పాటించాలని మళ్లీ గుర్తు చేసింది. రిలే గదికి ఒక తాళంచెవి స్టేషన్ మాస్టరు దగ్గర, మరొకటి సిగ్నల్ సిబ్బంది దగ్గర ఉంటాయి. ఇద్దరూ ఒప్పుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది.

రైళ్లు గుద్దుకోకుండా ఆపే ‘కవచ్’ వ్యవస్థలో గుర్తింపు చూసి అనుమతించే పాత ఆలోచనే రేడియోకు చేరింది. రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ రూపొందించిన కవచ్‌ను దక్షిణ మధ్య రైల్వేలో 2016 నుంచి ప్రయాణికుల రైళ్లపై పరీక్షించారు. ఇంజిను, స్టేషను మాట్లాడుకునే సందేశం నిజమైనదేనని నిర్ధారించే తాళంచెవులను ఒక నిర్వహణ కేంద్రం జీఎస్‌ఎం ద్వారా పంపుతుంది. 2024 జూలైలో దాని 4.0 రూపానికి ఆర్‌డీఎస్‌ఓ ఆమోదం తెలిపింది. కవచ్ శిక్షణకు ప్రధాన కేంద్రం సికింద్రాబాద్‌లోని ఇరిసెట్.