బరువు తగ్గించే సర్జరీ తర్వాత నొప్పి, వాంతులు: నర్వ్ బ్లాక్‌తో ఎంత ఉపశమనం?

స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ, గ్యాస్ట్రిక్ బైపాస్ లాంటి బరువు తగ్గించే సర్జరీలను ఇప్పుడు ఎక్కువగా లాప్రోస్కోపీ పద్ధతిలో, చిన్న రంధ్రాలతోనే చేస్తున్నారు. కోత చిన్నదే అయినా మొదటి రోజు నొప్పి, వికారం చాలామందిని ఇబ్బంది పెడతాయి. గుక్కెడు నీళ్లు తాగలేకపోయినా, లేచి నడవలేకపోయినా డిశ్చార్జి ఆలస్యమవుతుంది.

మార్ఫిన్, ఫెంటనిల్ లాంటి మందులు నొప్పిని బాగా తగ్గిస్తాయి. కానీ వాటివల్ల వికారం, మగత పెరుగుతాయి. నిద్రలో శ్వాస ఆగిపోయే స్లీప్ ఆప్నియా ఉన్నవారికి ఊపిరి మందగించే ప్రమాదం కూడా ఉంది. స్థూలకాయుల్లో ఈ జబ్బు ఎక్కువ. అందుకే ఆ మందుల అవసరాన్ని తగ్గించడానికి నర్వ్ బ్లాక్ వాడతారు. అంటే బుపివకైన్, రోపివకైన్ లాంటి తిమ్మిరి మందును నరాల దగ్గర ఎక్కించడం.

ట్యాప్ బ్లాక్: 2001లో రఫీ అనే వైద్యుడు ఈ పద్ధతి గురించి రాశారు. ఇప్పుడు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పొట్ట కండరాల పొరల మధ్య మందు ఇస్తారు. దీంతో కోతల దగ్గర నొప్పి తగ్గుతుంది. అయితే లోపల కడుపు నుంచి వచ్చే నొప్పిని ఇది ఆపలేదు.

పారాగ్యాస్ట్రిక్ బ్లాక్: ఆ లోటు తీర్చడానికి కొలంబియా సర్జన్ హోర్హే దాయెస్ బృందం ఈ పద్ధతిని పరీక్షించింది. సర్జరీ సమయంలోనే కడుపు పక్కనున్న నరాల చుట్టూ మందు ఇస్తారు. స్లీవ్ చేయించుకున్నవారిలో తొలి గంటల్లో నొప్పితో పాటు వికారం కూడా తగ్గినట్లు ఆ పరిశోధనలో తేలింది. ఇది ఇంకా అన్నిచోట్లా వాడుకలోకి రాలేదు.

పరిమితులు: బ్లాక్ ప్రభావం కొన్ని గంటలే. పొట్టలో నింపిన గ్యాస్ వల్ల వచ్చే భుజం నొప్పి దీనితో పోకపోవచ్చు. బరువు ఎక్కువ కదా అని మందు పెంచకూడదు. మోతాదు మించితే గుండె, మెదడుపై ప్రభావం పడుతుంది. వాంతులు ఆపే మందులు ఎలాగూ ఇవ్వాల్సిందే. మహిళలకు, ప్రయాణాల్లో వాంతులయ్యేవారికి, పొగ తాగని వారికి ఈ ఇబ్బంది ఎక్కువ.

సర్జరీకి ముందే మత్తు డాక్టర్‌కు గురక, పాత ఆపరేషన్లలో అయిన వాంతులు, అలర్జీలు, రక్తం పలుచన చేసే మందుల గురించి దాచకుండా చెప్పాలి. ఏ బ్లాక్ ఇస్తారో, దాని ప్రభావం తగ్గాక నొప్పికి ఏమిస్తారో అడగాలి. ఇంటికొచ్చాక నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే, జ్వరం వచ్చినా, గుండె వేగంగా కొట్టుకున్నా, నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా మాత్ర వేసుకుని ఊరుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.