కొత్తవాడ మగ్గంలో మార్చదగిన భాగం

వరంగల్ కొత్తవాడ జంపఖానాల కథను చేతిమగ్గానికీ మరమగ్గానికీ జరిగిన పోరుగా చెప్పడం పరిపాటి. నా దృష్టిలో అసలు ప్రశ్న వేరు: మగ్గాన్ని ఉంచుకుని, అందులో ఏ భాగాన్ని మార్చవచ్చు? 1733లో ఇంగ్లండులో జాన్ కే పేటెంటు పొందిన ఫ్లై షటిల్ (దూసుకుపోయే నాడె) పేక వేగాన్ని పెంచింది. చారల నేతకు అది చక్కగా సరిపోతుంది. ఒకే వరుసలో పలు రంగుల పేకలు మెలిపడే నమూనాలో మాత్రం ఒక్కో రంగునూ చేత్తోనే తిప్పాలి. అంచు నుంచి అంచుకు దూసుకుపోయే నాడెకు అక్కడ పనిలేదు. ల్యాప్‌టాప్ వైఫై కార్డుదీ ఇదే సంగతి. ఇంటెల్ ఏఎక్స్201 స్లాటులో పట్టినా, దాని పనిలో కొంత ఇంటెల్ ప్రాసెసర్ వైపే జరగాలి కనుక ఏఎండీ యంత్రంలో నడవదు. ఏఎక్స్210కు ఆ బంధం లేదు.

ఇది మార్పును అడ్డుకునే వాదమని కొందరనవచ్చు. కానీ మగ్గాన్ని ఉంచకుండా పూర్తిగా యంత్రాలే తెచ్చిన ఆజంజాహి మిల్లు 1934లో ఇదే నగరంలో మొదలైంది, తర్వాత మూతపడింది. వరంగల్ జంపఖానాలకు మాత్రం 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మిల్లు నేసింది జంపఖానాలు కాదు కాబట్టి ఈ పోలికకు హద్దుంది. గుర్తింపు ఒక్కటే కూలి పెంచదన్నదీ నిజమే. అయినా కొత్త పరికరం ఇచ్చే పథకం ఏదైనా ముందు అడగాల్సింది నేతగాడినే: ఈ మగ్గంపై ఏ నమూనా నేస్తున్నారు?