వయసు, ప్రజ్ఞా పరీక్షలు: అధ్యయన చరిత్ర

వయసు పెరిగేకొద్దీ మనిషి ఆలోచన, జ్ఞాపకశక్తి, పరీక్షల్లో వచ్చే మార్కులు ఎలా మారతాయో కొలిచే ప్రయత్నాలు 19వ శతాబ్ది చివర మొదలయ్యాయి. వాటి చరిత్ర చాలావరకు ఒకే చిక్కు చుట్టూ తిరిగింది. ఇరవై ఏళ్లవారికీ డెబ్బై ఏళ్లవారికీ మార్కుల్లో తేడా ఉంటే అది వయసు వల్ల వచ్చిందా, వాళ్లు పెరిగిన కాలాలు వేరు కావడం వల్ల వచ్చిందా?

ఫ్రాన్సిస్ గాల్టన్ 1884లో లండన్ ఆరోగ్య ప్రదర్శనలో ఒక కొలతల ప్రయోగశాల తెరిచాడు. మూడు పెన్నీలిస్తే చూపు, వినికిడి, పిడికిలి బలం, స్పందన వేగం కొలిచి చెప్పేవారు. 9,337 మంది కొలిపించుకున్నారు. ఇంద్రియాల చురుకుదనాన్ని బట్టి మేధను అంచనా కట్టవచ్చన్న ఆయన నమ్మకం మాత్రం నిలవలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం సుమారు 17 లక్షల మందికి ప్రజ్ఞా పరీక్షలు పెట్టింది. వయసు మీరిన అధికారులకు మార్కులు తగ్గడం అప్పుడే కంటపడింది. తర్వాత హెరాల్డ్ జోన్స్, హెర్బర్ట్ కాన్రాడ్ న్యూ ఇంగ్లండ్‌లోని 19 పల్లెల్లో, ఉచితంగా సినిమా చూపిస్తామని జనాన్ని రప్పించి, 10 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న 1,191 మందికి ఆ సైనిక పరీక్షే పెట్టారు. 1933లో వెలువడిన ఫలితాల ప్రకారం మార్కులు ఇరవై ఏళ్ల ప్రాంతంలోనే శిఖరానికి చేరి, తర్వాత మెల్లగా తగ్గాయి. పదజాలం, లోకజ్ఞానం మాత్రం పెద్దగా తగ్గలేదు. 1939లో న్యూయార్క్ బెల్వ్యూ ఆసుపత్రికి చెందిన డేవిడ్ వెక్స్లర్ పెద్దల కోసం తెచ్చిన పరీక్షలో ఎవరి మార్కులనైనా వారి ఈడువారితోనే పోల్చేవారు. కాబట్టి తక్కువ ప్రశ్నలకు సరైన జవాబు రాసినా వృద్ధుడికి యువకుడితో సమానమైన ప్రజ్ఞాలబ్ధి రావచ్చు. ఆసుపత్రి అవసరానికి ఇది సరిపోయింది కానీ, అసలు ప్రశ్నను పక్కన పెట్టేసింది.

ఆ ప్రశ్నను మళ్లీ లేపింది విలియం ఓవెన్స్. 1919లో అయోవా స్టేట్ కాలేజీలో చేరినప్పుడు సైనిక పరీక్ష రాసిన 127 మందికి ముప్పై ఏళ్ల తర్వాత అదే పరీక్ష పెట్టాడు. మార్కులు మొత్తం మీద తగ్గలేదు సరికదా, కొన్ని విభాగాల్లో పెరిగాయి. కాలేజీ చదువుకున్నవారి సంగతి అందరికీ వర్తిస్తుందా అన్నది వేరే మాట.

వేర్వేరు వయసులవారిని ఒకేసారి పోల్చడం, ఒకే మనుషులను ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించడం అనే ఈ రెండు పద్ధతులనూ కలిపినవాడు వార్నర్ షాయీ. 1956లో సియాటిల్‌లో ఒక ఆరోగ్య సహకార సంస్థ సభ్యుల్లోంచి 500 మందిని తీసుకుని పరీక్షించాడు. ఆ తర్వాత ఏడేళ్లకోసారి పాతవారిని మళ్లీ పరీక్షిస్తూ, కొత్తవారిని చేర్చుకుంటూ పోయాడు. ఒకే వయసులో వేర్వేరు తరాలవారికి వచ్చిన మార్కుల్లో తేడాలు బయటపడ్డాయి. వయసు ఖాతాలో వేసిన క్షీణతలో కొంత నిజానికి తరాల అంతరమేనని తేలింది. చాలా సామర్థ్యాలు అరవై దాకా నిలకడగానే ఉన్నాయి, వేగం మాత్రం ముందే తగ్గింది. జాన్ హార్న్ ఈ ఆశావాదాన్ని ఒప్పుకోలేదు. కొత్త సమస్యలను తర్కించే శక్తి వేరు, చదువు వల్లా అనుభవం వల్లా పోగైన జ్ఞానం వేరు, మొదటిది తగ్గడం వాస్తవమేనన్నది ఆయన వాదం. అధ్యయనం మధ్యలో మానేసేవారిలో బలహీనులే ఎక్కువ కాబట్టి మిగిలినవారి మార్కులు మెరుగ్గా కనిపిస్తాయన్న అభ్యంతరమూ గట్టిదే.

ఈ రంగంలో అరుదైన అదృష్టం స్కాట్లండ్‌ది. 1932 జూన్ 1న అక్కడి బడుల్లో, 1921లో పుట్టిన పిల్లలు దాదాపు అందరూ ఒకే పరీక్ష రాశారు. మొత్తం 87,498 మంది. ఏ దేశమూ అంతకుముందు ఆ పని చేయలేదు. ఆ మార్కుల పుస్తకాలు దశాబ్దాల పాటు ఎవరికీ పట్టకుండా పడి ఉన్నాయి. ఇయన్ డియరీ, లారెన్స్ వాలీ వాటిని వెలికితీశారు. సరిగ్గా 66 ఏళ్లకు, 1998 జూన్ 1న, అబర్డీన్ మ్యూజిక్ హాల్‌లో 101 మంది 77 ఏళ్ల వృద్ధులు కూర్చుని, అవే సూచనలతో, అదే 45 నిమిషాల గడువులో పాత పరీక్షను మళ్లీ రాశారు. పదకొండో ఏటి మార్కులకూ ఈ మార్కులకూ సహసంబంధం 0.63 వచ్చింది. అంటే బడిలో ముందున్నవారు చాలావరకు ముసలితనంలోనూ ముందే ఉన్నారు. పూర్తిగా కాదు. ఆ మిగిలిన తేడాకు కారణాలేమిటో వెతకడానికే ఎడిన్‌బరో పరిశోధకులు, పదకొండో ఏట ఇలాంటి పరీక్షే రాసిన, 1921, 1936లలో పుట్టినవారిని తర్వాతి ఏళ్లలోనూ పరీక్షిస్తూ వచ్చారు.

పరీక్ష పెట్టే తీరు కూడా ఫలితాన్ని మారుస్తుంది. సింథియా మే, లిన్ హాషర్ బృందం 1993లో చూపినట్టు, వృద్ధులు ఉదయం బాగా చేస్తారు, కాలేజీ విద్యార్థులు సాయంత్రం. ప్రయోగశాలకు మధ్యాహ్నం పూట పిలిపించి తీర్పు చెప్పిన పాత అధ్యయనాలు ఎన్నో. 'ఇది జ్ఞాపకశక్తి పరీక్ష' అని నొక్కి చెప్పకుండా వదిలేసినప్పుడు వయోభేదం తగ్గిందని 2001లో మరో అధ్యయనం చూపింది. ఇలాంటి ప్రభావాలు తర్వాతి ప్రయోగాల్లో ప్రతిసారీ అంతే బలంగా కనిపించలేదు.

చదవడం, రాయడం రానివారి దగ్గర ఇబ్బంది మరీ ఎక్కువ. 1975 నాటి అమెరికా చిన్న మానసిక స్థితి పరీక్ష వాక్యం రాయమంటుంది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం 1990లలో దాన్ని మార్చినప్పుడు, రాయడానికి బదులు ఇంటి గురించి ఒక మాట చెప్పమన్నారు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వారిలోనూ ఆ తేడా కనిపించడం ముఖ్యమైన సంగతి. అయితే ఇది ఆసుపత్రికి వచ్చినవారి లెక్క, ఊళ్లో ఉన్నవారందరిది కాదు. దేశమంతటా ఇళ్లకు వెళ్లి 45 ఏళ్లు దాటినవారిని పరీక్షించే వృద్ధాప్య సర్వే మొదటి విడత 2017లో మొదలై 72 వేల మందికి పైగా వివరాలు సేకరించింది.